ఆర్వోకి కనబడని బటన్

కొరీన్ టెర్వో ప్రతి గురువారం పొద్దున్నే ఒక వార్తల ఉత్తరం రాసి పంపుతుంది. వెబ్‌సైట్లు కట్టి బతికేవాళ్ళు, ఎక్కడెక్కడివాళ్ళో కొన్ని వేలమంది, దాన్ని కాఫీతో పాటు చదువుతారు. ఆమె ఉండే టామరాక్ బే ఊళ్ళో మాత్రం ఒక్కరూ చదవరు. అందులో వార్తలు అలాంటివి మరి. ఫలానా బ్రౌజరులో ఇకనుంచి మూలలు ఇంకొంచెం గుండ్రంగా చేసుకోవచ్చు. ఫలానా దాంట్లో అక్షరాల కింద గీత రంగు మార్చుకోవచ్చు. పేజీలు గీసే ఫలానా సాఫ్ట్‌వేర్ వచ్చే నెలలో కొత్త వేషం కట్టబోతోంది. భర్త డేల్ పెళ్ళయిన కొత్తలో భార్య మీద గౌరవం కొద్దీ ఒకదాన్ని చివరిదాకా చదివాడు. "ఇందులో ఎవరూ చావలేదు, ఎవరూ లేచిపోలేదు. ఇదేం వార్త కొరీ?" అన్నాడు. అతను రోడ్ల శాఖలో మంచు తోసే లారీ నడుపుతాడు. అతని దృష్టిలో వార్తంటే సుపీరియర్ సరస్సు మీంచి ఏ గాలి ఎప్పుడొస్తుందన్నది ఒక్కటే.

ఆ అక్టోబరులో సాఫ్ట్‌వేర్ వాళ్ళు రాబోయే వెర్షన్ని ముందుగా రుచి చూడమని కొరీన్ లాంటి కొద్దిమందికి ఇచ్చారు. పేజీ ఎలా ఉండాలో తెర మీద గీస్తే చాలు, కోడంతా అదే రాసి చేతిలో పెడుతుంది. అయితే ఆ కోడ్ వాడుకునే సౌకర్యం ఒకటి బ్రౌజర్లలో ఇంకా జనానికి వడ్డించలేదు. అలాంటి వాటి కోసం బ్రౌజరు లోపల, ఎవరూ వెళ్ళని మూల, ఒక స్విచ్చుల పేజీ ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్ళు అక్కడికి వెళ్ళి, అమ్మ చూడకుండా గిన్నె మూత తీసి వేలు పెట్టే పిల్లల్లా, ఒక్కో స్విచ్చూ వేసి చూస్తుంటారు. కొరీన్ కూడా వేసింది. చూసింది. ముచ్చట పడింది. 'ఇక చేత్తో కోడ్ రాసే చాకిరీ తప్పినట్టే' అని ఆ గురువారం రాసింది. స్విచ్చు ఆపడం మరిచిపోయింది.

పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతే పాలే పొంగి చెబుతాయి. స్విచ్చుకి ఆ మర్యాద లేదు.

నవంబరులో టౌన్‌షిప్ వాళ్ళు, అంటే ఊరి పంచాయతీ లాంటివాళ్ళు, తమ వెబ్‌సైట్లో చలికాలపు పేజీని బాగుచేసి పెట్టమని కొరీన్‌ని అడిగారు. పాత పేజీ టౌన్‌షిప్ గుమాస్తా గ్వెన్ ఎప్పుడో స్వయంగా చేసింది. పసుపుపచ్చ మీద ఎర్రటి అక్షరాలు, పక్కన కన్నుకొట్టే మంచుబొమ్మ. చూస్తే కడుపులో తిప్పేది గానీ, ఫోన్ నంబరు మాత్రం తుఫానులోంచి కూడా కనబడేది. కరెంటు పోయి ఇల్లు చల్లబడినవాళ్ళు ఆ నంబరుకు చేస్తే, అగ్నిమాపక దళం కుర్రాళ్ళు స్నోమొబైల్ అనే మంచు బండి మీద వచ్చి లూథరన్ చర్చి హాలుకు చేరుస్తారు. అక్కడ జనరేటరు, మంచాలు, కాఫీ ఉంటాయి.

కొరీన్ కొత్త పేజీని కొత్త సాఫ్ట్‌వేర్లో గీసింది. పైన మంచు కప్పిన దేవదారు చెట్ల ఫోటో. దాని కిందనే తేలుతున్నట్టు ఒక పెట్టె, అందులో నారింజ రంగు బటన్: 'నన్ను తీసుకెళ్ళండి'. నంబరు కూడా ఆ పెట్టెలోనే. సమావేశానికి తన లాప్‌టాప్ పట్టుకెళ్ళి అందరికీ చూపించింది. ఫోనులో ఎలా ఉంటుందో అడిగితే, ఆ లాప్‌టాప్ మీదే కిటికీని సన్నగా ఫోనంత చేసి చూపించింది. అందరూ ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు. ముందు వరసలో లెంపీ సాలో ఉంది. ఆవిడ హైస్కూల్లో ముప్పై ఏళ్ళు టైపింగ్ నేర్పింది. ఊళ్ళో సగం మంది వేళ్ళు ఆవిడ దిద్దినవే, కొరీన్‌వి కూడా. టీచర్ కళ్ళజోడు సర్దుకుని చూసి, గుడ్డివాడికి కూడా కనబడుతుంది అని మెచ్చుకుంది. కొరీన్‌కి ఆ వయసులోనూ చెవులు వేడెక్కాయి.

తన గిన్నెలో తాను రుచి చూసి ఊరంతటికీ వడ్డించినట్టయింది. ఉప్పు ఆమె గిన్నెలో మాత్రమే ఉందని ఎవరికీ తెలీదు. స్విచ్చు వెయ్యని బ్రౌజర్లలో, అంటే కొరీన్ లాప్‌టాప్ తప్ప ఊళ్ళో ఉన్న అన్నిటిలో, ఆ పెట్టె తెర అంచు దాటి ఎక్కడో బయట పడిపోయింది. ఎంత జరిపినా అందదు. మంచు చెట్ల ఫోటో ఒక్కటే మిగిలింది. డిసెంబరంతా తేలిగ్గా గడిచింది కాబట్టి ఆ పేజీతో ఎవరికీ పని పడలేదు. తెరిచిన ఒకరిద్దరు ఫోటో బాగుందనుకుని మూసేశారు.

జనవరిలో తుఫాను వచ్చింది.

లెంపీ తమ్ముడు ఆర్వో సరస్సు దారిలో ఒంటరిగా ఉండేవాడు. ఒకప్పుడు బాగా తాగేవాడు, తాగి ఒక ఉద్యోగాన్నీ ఒక పెళ్ళినీ పోగొట్టుకున్నాడు. తర్వాత మానేశాడు. మానేసి చాలా ఏళ్ళయింది గానీ ఊరు అలాంటివి ఆలస్యంగా నమ్ముతుంది. ఆ ఉదయం కరెంటు పోయింది. హీటరు ఆగింది. అంబులెన్సు నంబరుకు ఫోన్ చెయ్యడం అతని దృష్టిలో చచ్చేవాళ్ళు చేసే పని. చలేస్తోందని ఎవరైనా చేస్తారా? టౌన్‌షిప్ పేజీలో బటన్ పెట్టారని అక్క చెప్పింది కదా అని టాబ్లెట్ తెరిచాడు. చూసి అక్కకి ఫోన్ చేశాడు. బటన్ లేదన్నాడు. ఉందిరా, నా కళ్ళతో చూశాను అంది లెంపీ. లేదన్నాడు. ఉందంది. ఇద్దరూ ఒక తల్లి పిల్లలే కాబట్టి అలా కాసేపు సాగింది. చివరికి లెంపీ ఒక మాట అంది. ఆర్వో ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఫోన్ల టవరు కూలింది. తమ్ముడు బటన్ నొక్కే ఉంటాడని, హాల్లో కాఫీ తాగుతూ తనని తిట్టుకుంటూ ఉంటాడని లెంపీ అనుకుంది.

మర్నాడు గాలి తగ్గాక డేల్ సరస్సు దారిలో మంచు తోసుకుంటూ పోతుంటే లారీ ముందు ఒక ఎర్ర టోపీ కనబడింది. ఆర్వో చర్చి హాలుకు నడిచి వెళుతూ సగం దారిలో కూర్చుని, అక్కడే చలికి పోయాడు. డేల్ ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండా చాలాసేపు వంటింట్లో కూర్చున్నాడు. కొరీన్ సూపు పెడితే చల్లారబెట్టుకున్నాడు. ఒక్కటే చెప్పాడు: ముసలాయన కోటు లోపల టాబ్లెట్ పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నాడట.

తాగి ఉన్నాడని ఊరు తీర్పు చెప్పేసింది. లేకపోతే అంతమందికి కనబడే బటన్ కనబడకపోవడమేమిటి, టాబ్లెట్ కౌగలించుకుని తుఫానులో నడవడమేమిటి? ఎవరూ చెడ్డగా అనలేదు. పాపం అంటూనే అన్నారు. కొరీన్ కూడా పోస్టాఫీసులో ఎవరో అంటే తలాడించింది.

మరుసటి వారం, గురువారం ఉత్తరానికి వార్తలు కూరుస్తూ ఆమె బ్రౌజరు కొత్త వెర్షన్ జాబితా చదివింది. మొదటి అంశం చూసి సంతోషపడింది. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్న ఆ సౌకర్యాన్ని ఈ వారంనుంచి అందరికీ ఇస్తున్నారు. 'ఎట్టకేలకు అందరికీ' అని శీర్షిక టైపు చేసింది. టైపు చేశాక ఆ రెండో మాట దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. ఇప్పుడు అందరికీ వస్తోందంటే, మొన్నటిదాకా ఎవరికి ఉన్నట్టు?

డేల్ ఫోను బల్ల మీద చార్జింగులో ఉంది. అతను ఏ వెర్షనూ పెట్టుకోడు, ఫోను తనంతట పెట్టుకునేదాకా. కొరీన్ దానిలో టౌన్‌షిప్ పేజీ తెరిచింది. మంచు కప్పిన దేవదారు చెట్లు కనబడ్డాయి. కింద ఏమీ లేదు. పైకీ కిందికీ, పక్కలకీ జరిపింది. తెల్లటి ఖాళీ.

ముందు చెయ్యాల్సిన పని ఆమె చేసేసింది. మళ్ళీ గాలి లేస్తుందని రేడియో చెబుతోంది. పెట్టెను తీసి పారేసి, ఏ బ్రౌజరులోనైనా కదలకుండా ఉండేలా బటన్నూ నంబరునూ మామూలుగా రాసి పెట్టింది. అదేం పెద్ద పని కాదు, కాఫీ కాగేలోపే అయిపోయింది. అయిపోయాక తెలిసింది, బాగుచెయ్యడం, కప్పెట్టడం ఒక్క చేత్తోనే జరిగిపోయాయని. ఇప్పుడు ఎవరు చూసినా బటన్ ఉంటుంది. ఆర్వో తాగుబోతుగానే ఉండిపోతాడు. అయితే ఈ వృత్తిలో పాత పేజీని ఎవరూ పారెయ్యరు. అలవాటు కొద్దీ దాన్ని వేరే చిరునామాలో దాచి ఉంచింది. అది కూడా ధైర్యం చేసి కాదు, చెయ్యి పోయిన దారిలో చేసింది.

సాయంత్రం డేల్‌తో చెప్పింది. అతను టోపీ చేతిలో తిప్పుతూ విన్నాడు.

"నేను తీసినప్పుడు దాంట్లో ఇంకా ప్రాణం ఉంది," అన్నాడు.

కొరీన్ చటుక్కున తలెత్తింది. "ఆర్వోకా?"

"టాబ్లెట్‌కి. కోటు లోపల కదా, చలి అంతగా తగల్లేదు. మంచు చెట్ల బొమ్మ కనబడింది. ముచ్చటపడి పెట్టుకున్నాడేమో అనుకున్నా." టోపీ బల్ల మీద పెట్టి అన్నాడు, "వాళ్ళకి చూపించడానికి తీసుకెళుతున్నాడు కొరీ. బటన్ లేదని హాల్లో అందరి మొహాన పెట్టి చూపించడానికి. ఆర్వో సంగతి నీకు తెలీదా?"

తెలుసు. రుజువు పట్టుకుని తుఫానులోకి నడవగలిగిన మనిషే అతను.

చెప్పెయ్ అని డేల్ అనలేదు, వద్దనీ అనలేదు. అంటే బాగుండేది. గురువారం ఉత్తరం ఎప్పటిలాగే వెళ్ళింది. 'ఎట్టకేలకు అందరికీ'. ఎవరూ చావలేదు, ఎవరూ లేచిపోలేదు. చదివినవాళ్ళు చాలామంది సంబరపడుతూ జవాబులు రాశారు.

శనివారం చర్చిలో ఆర్వోకి ప్రార్థన జరిగింది. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి పూడ్చడం వసంతంలోనే. శవపెట్టె మూత తీసి ఉంచారు. అందరూ వరసలో నడిచి చూసి కింది హాలుకు దిగారు. హామ్ సాండ్‌విచ్‌లు, ఏలకుల రొట్టె, పెద్ద డ్రమ్ములో కాఫీ. ఆర్వో చేరలేకపోయిన హాలు అదే. మంచాలు మడిచి ఇంకా గోడకి ఆనించే ఉన్నాయి.

లెంపీ మూల బల్ల దగ్గర కూర్చుని కొరీన్‌ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. చేతిసంచీలోంచి తమ్ముడి టాబ్లెట్ తీసింది. అప్పటికప్పుడు టౌన్‌షిప్ పేజీ తెరిచి, నారింజ రంగు బటన్ మీద గోటితో తట్టింది.

"ఇదిగో, ఇక్కడే ఉంది. ఇంత లావున ఉంది. వాడికి కనబడలేదంటే ఏ స్థితిలో ఉన్నాడో చూడు. నువ్వేం మనసులో పెట్టుకోకు పిల్లా. ఊళ్ళో ఎవరో నీ పేజీ గురించి అంటుంటే నోరు ముయ్యమన్నాను."

కొరీన్ చెప్పాల్సిందంతా రెండు రాత్రులుగా వరసగా పేర్చుకుంది. ఇప్పుడు ఆ వరస చెదిరిపోయింది. "టీచర్, అది మొన్న నేను పెట్టిన బటన్," అంది. "ఆరోజు లేదు. ఆర్వో నిజమే చెప్పాడు."

స్విచ్చు సంగతి చెప్పింది. తన ఒక్కదాని లాప్‌టాప్‌లోనే కనబడిన సంగతి చెప్పింది. లెంపీ విని, ఆమె చెయ్యి నిమిరింది. పుట్టుకతోనే నీది మెత్తటి మనసు అంది. చచ్చినవాడి పరువు కోసం నీ పరువు తీసుకోకు, వాడికి అక్కర్లేదు అంది.

"చూపిస్తాను," అంది కొరీన్. టాబ్లెట్ తీసుకుని, దాచిన పాత పేజీ చిరునామా కొట్టింది. మంచు చెట్లు వచ్చాయి. వాటి కింద ముద్దుగా తేలుతూ పెట్టె వచ్చింది. అందులో నారింజ రంగు బటన్: 'నన్ను తీసుకెళ్ళండి'.

లెంపీ ఇంట్లో రాత్రంతా చార్జింగులో పడి ఉన్న టాబ్లెట్ కొత్త వెర్షన్ తనంతట తాను పెట్టుకుంది. హాల్లో ఉన్న అన్ని ఫోన్లూ ఈపాటికి పెట్టుకునే ఉంటాయి. పాత తప్పు కూడా ఇప్పుడు అందరికీ ఒప్పుగానే కనబడుతుంది.

లెంపీ బటన్ని చూసి, కొరీన్‌ని చూసింది. "పోనీలే, రొట్టె తిను," అంది.

అక్కడితో ఆగిపోవచ్చు. చెప్పాల్సింది చెప్పింది, నమ్మకపోవడం అవతలివాళ్ళ ఇష్టం. ఇంతకంటే చౌకగా ఎవరికీ మనశ్శాంతి దొరకదు. కొరీన్ రొట్టె ముక్క నోట్లో కూడా పెట్టుకుంది. వెనక బల్ల దగ్గర ఎవరో ఆర్వో పేరెత్తారు. ఇంకెవరో జవాబుగా, సీసా ఎత్తినట్టు, బొటనవేలు పెదాల దగ్గర పెట్టుకుని తల కొంచెం వెనక్కి వంచారు. నలుగురూ మర్యాదగా నిట్టూర్చారు. లెంపీ అది చూసింది. చూసి కళ్ళు దించేసుకుంది.

కొరీన్ మిగిలిన రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. "టీచర్, ఒక్కసారి పాస్టర్ గారి ఆఫీసుకి వస్తారా?"

పాస్టర్ గారి కంప్యూటరు నోవహు ఓడలోంచి నేరుగా దిగిందని ఊళ్ళో ఒక హాస్యం. దానం ఇచ్చినాయన పోయిననాటినుంచి దాన్ని ఎవరూ బాగుచెయ్యలేదు, అది ఏ కొత్త వెర్షన్నీ ఒంటిమీదకి రానివ్వదు. ఆదివారం పాటల వరస అచ్చు వెయ్యడానికి మాత్రం పనికొస్తుంది. కొరీన్ దాన్ని లేపింది. అది చాలాసేపు మూలిగింది. లెంపీ కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. కొరీన్ పాత పేజీ చిరునామా కొట్టింది.

మంచు కప్పిన దేవదారు చెట్లు పైనుంచి కిందికి, ఒక్కో గీతా ఒక్కో గీతా వచ్చాయి. కింద తెలుపు.

ఇద్దరూ ఎదురుచూశారు. ఇంకేమీ రాలేదు. లెంపీ మౌస్ తీసుకుని తనే కిందికి జరిపింది. పైకి జరిపింది. పక్కన టాబ్లెట్ పెట్టుకుని, అదే చిరునామా దానిలోనూ ఉందో లేదో అక్షరం అక్షరం పోల్చింది, ఒకప్పుడు పిల్లల కాగితాలు దిద్దినట్టు. తర్వాత తెర మీద తెల్లటి చోట వేలు ఆనించింది.

"ఇక్కడ ఉండాల్సింది."

"అక్కడే టీచర్."

"వాడు చూసింది ఇదీ."

"ఇదే. డేల్ కూడా చూశాడు."

లెంపీ వేలు తియ్యలేదు. "తాగావురా అన్నాను," అంది. "పట్టపగలే మొదలెట్టావా, పడుకుని లేచి అప్పుడు చూడు, కనబడుతుంది అన్నాను. ఇన్నేళ్ళలో వాణ్ణి ఆ మాట అనలేదు. వాడు టక్కున ఫోన్ పెట్టేశాడు."

కొరీన్‌కి అప్పుడు అర్థమైంది. తన బరువు దించుకుంటున్నానని వచ్చింది. దింపింది ఎవరి ఒళ్ళోనో ఇప్పుడు కనబడుతోంది. తమ్ముడు తాగి చచ్చాడన్నది లెంపీకి దుఃఖమే గానీ, ఆ దుఃఖంలో ఆవిడ తప్పు లేదు. ఇప్పుడు ఆ కొంచెం ఊరట కూడా కొరీన్ తీసేసుకుంది. క్షమించండి అనబోయింది. ఆ మాట ఈ గదిలో ఎక్కడ పెట్టాలో తెలీలేదు.

మెషీను ఆపనా అని చెయ్యి చాచింది.

"ఆపకు," అంది లెంపీ. ముక్కు తుడుచుకుంది. కుర్చీని పక్కకి జరుపుకుని తెర తలుపు వైపు తిరిగేలా సర్దింది. "వాళ్ళని పిలు. అందర్నీ. ఆ బొటనవేలు పెద్దమనిషిని మొదట రమ్మను."

కొరీన్ కిందికి దిగి పిలిచింది. ఎందుకని అడిగినవాళ్ళకి మెట్ల మీదే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత కుర్చీలు జరిగాయి. జనం చేతుల్లో కాగితపు కప్పులతోనే మెట్లెక్కారు. గది చిన్నది, ఒక్కొక్కరే పట్టాలి. పొద్దున పెట్టె దగ్గర ఎలా నడిచారో అలాగే నడిచారు. వచ్చారు, తెర ముందు ఆగారు, తెల్లటి చోటు చూశారు, తల వంచుకుని ముందుకు జరిగారు. గ్వెన్ చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది; సమావేశంలో సరేనని సంతకం పెట్టింది ఆవిడే. కొందరు కొరీన్ మొహం చూశారు, కొందరు చూడకుండా దాటుకున్నారు. ఒకాయన మాత్రం, నా ఫోనులో కనబడుతోందే అని జేబులోంచి తీయబోయాడు. వెనకనున్నవాళ్ళు మోచేత్తో పొడిచారు.

చివర డేల్ వచ్చాడు. టోపీ తీశాడు. "ఇదే," అన్నాడు, ఎవరితోనూ కాదు.

కొరీన్ అతని వెనకే వెళ్ళిపోబోయింది. లెంపీ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంకా అందరూ రాలేదు," అంది. "వంటింట్లో గిన్నెలు కడిగేవాళ్ళున్నారు. వాళ్ళొచ్చేదాకా ఇక్కడే ఉండు. నా పక్కనే."

కొరీన్ ఆవిడ పక్కనే నిలబడింది, పొద్దున పెట్టె దగ్గర ఇంటివాళ్ళు నిలబడ్డ వైపు. ముసలి కంప్యూటరు అంతసేపు మేలుకుని ఉండలేక తెరను నల్లబరచబోయేది. అలా మసకబారినప్పుడల్లా లెంపీ తలుపు మీంచి చూపు తిప్పకుండానే చెయ్యి చాచి, ఒక వేలితో స్పేస్ బార్ తాకేది. మంచు చెట్లు మళ్ళీ వచ్చేవి. వాటి కింద తెలుపు.